శొంఠి తక్కువైన దసరా

మా కాక చనిపోయిన కబురు నాకు ఖతర్‌లో, ముఐథర్‌లోని ఒక విల్లా డాబా మీద అందింది. ఏసీ బాగుచేస్తున్నాను. పాత క్యాంప్ వాట్సాప్ గ్రూపులో ఆయన కొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మా బాపు పొద్దుగాల పోయిండు. దుబాయ్‌ల ఆయనతోని పనిజేసినోళ్ళందరికీ చెప్పుండ్రి." అన్నేళ్ళు ఖతర్‌లో వండిన మనిషికి ఇంటివాళ్ళ నోట చివరికి దుబాయే మిగిలింది. కింద నుంచి ఆ ఇంటి మనిషి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. స్క్రూలు బిగించి దిగి ఇంకో ఇంటికి పోయాను. నా గదిలో ఉండేవాళ్ళలో కాకను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. చావు కబురు చెప్పుకోవడానికి కూడా ఒక మనిషి కావాలని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

కాక నాకు చుట్టం కాదు. బిర్కత్ అల్ అవామిర్‌లో మా కంపెనీ క్యాంప్ ఉన్నప్పుడు అక్కడి మెస్‌లో వంటాయన. జగిత్యాల దిక్కు మనిషి. మేమందరం కాకా అనేవాళ్ళం గానీ ఆయన మాత్రం ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. ఎవడికి ఏ కూర పడదో అదే వాడి పేరు. నేను తోటకూరను. "ఓ తోటకూరా, ఇయ్యాల ఎండల డ్యూటీయా, నీడలనా?" అని అడిగేవాడు. ఎండలో పనిచేసి వచ్చినవాళ్ళ మజ్జిగలో చిటికెడు ఉప్పు ఎక్కువ పడేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మాడు గీక్కుని తినేవాడు. మొదట్లో పాపం అనుకున్నాను. ఒకసారి నాకు పెట్టమని అడిగితే గిన్నె వెనక్కి జరుపుకున్నాడు. మాడంటే ఆయనకు ప్రాణమట.

మా వైపు దసరా అంటే మేకను కోసి వండే యాట కూర, కల్లు. ఖతర్‌లో యాట కూరకు కొదవ లేదు. కల్లు మాటే ఎత్తకూడదు. అందుకని కాక పండుగకు తనదైన ఒక పానీయం కాచేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన బొంబాయిలో ఒక విదేశీ కుటుంబం ఇంట్లో వంట చేశాడు. క్రిస్మస్ వచ్చిందంటే ఆ ఇంటాయన బార్లీ మొలకలతో, లవంగం, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి ఇంట్లోనే బీరు కాచేవాడట. కాక అది చూసి నేర్చుకుని, బెల్లం కలిపి, శొంఠి దట్టించి, మన దసరాకు తెచ్చుకున్నాడు. మత్తు మాత్రం వదిలేశాడు.

పని చాలానే ఉండేది. బార్లీని తడి గోనెసంచిలో మొలకెత్తించి, క్యాంప్ డాబా మీద ఎండబెట్టి, బరకగా దంచేవాడు. మసాలాలన్నీ తెల్లబట్టలో మూట కట్టి, కషాయం మరిగేటప్పుడు వేసి, దించగానే తీసేసేవాడు. చల్లారాక రొట్టెల పిండిలో వేసే ఈస్ట్ చిటికెడు కలిపి, ఆ గంజు గిన్నె మీద బట్ట కప్పేవాడు. గురువారం సాయంత్రం పెడితే శుక్రవారం మధ్యాహ్నానికి తాగేయాలి. పండుగ ఏ వారం పడ్డా మాకు దగ్గరి శుక్రవారమే దసరా. "తొందరపడితే నీళ్ళు, ఆలస్యం జేస్తే కల్లు" అనేవాడు. రెంటికీ మధ్య ఒక పూట ఉంది. ఆ పూటే మా పండుగ.

ఆ పూట వచ్చిందో లేదో చెప్పేది కాక కాదు. "చేసినోని నాలుకను నమ్మొద్దు" అని మొదటి గ్లాసు భాయ్‌కి ఇచ్చేవాడు. భాయ్ మా క్యాంప్ బస్సు డ్రైవరు, బోధన్ మనిషి, ఐదు పూటల నమాజు తప్పనివాడు. ఆయన తాగగలిగితేనే అందరికీ పోయాలి. భాయ్ గ్లాసు ఎత్తి వాసన చూసి, బిస్మిల్లా అనుకుని, ఒక గుటక మింగి, కాసేపు గోడ వైపు చూసేవాడు. మేమంతా ప్లేట్లు పట్టుకుని నిలబడేవాళ్ళం.

"క్యా కాకా, సొంటి తక్కువేసినవ్" అనేవాడు.

"వచ్చే యేడు ఎక్కువేస్త తియ్" అనేవాడు కాక.

అదే తీర్పు. అప్పుడు గ్లాసులు కదిలేవి. శొంఠి ఏ ఏడూ తక్కువ ఉండేది కాదు. గొంతు మండేది.

ఒక ఏడు భాయ్ ప్రేమ కొద్దీ మంచి ఖర్జూరాలు తెచ్చి, తీపి చాలదేమోనని ఎవరికీ చెప్పకుండా గంజులో వేశాడు. తెల్లారేసరికి కల్లులా పులిసిపోయి నురగ బట్టను ఎత్తేసింది. మధ్యాహ్నం గ్లాసు అందుకున్న భాయ్ వాసన చూసి కింద పెట్టేశాడు. "మాఫ్ కర్నా కాకా, నేను తాగలేను." మా పోరగాళ్ళ కళ్ళు మెరిశాయి. "కాకా, పారబోయకే. ఇయ్యాల ఒక్కరోజు. ఊరు యాదికొస్తుంది" అని ఒకడు బతిమాలాడు.

"ఊరు యాదికొస్తే ఊరికి ఫోన్ జెయ్. దీని కోసం నువ్వు జైలుకు పోతే మీ అవ్వకు నేనేం జెప్పాలె?" అన్నాడు కాక. గంజు ఎత్తి మోరీలో పోసేశాడు. తర్వాత భాయ్ వైపు తిరిగి, "నీ ఖజూరే నిన్ను తాగకుండ జేసింది గదనే" అన్నాడు. సగం మంది ఆయనతో మాట్లాడలేదు. ఆయన వాళ్ళతో వాదించలేదు. మిరియాలు వేసి బెల్లం పానకం కలిపి, మంచం మంచానికీ తిరిగి అలిగినవాళ్ళ చేతుల్లో గ్లాసులు పెట్టాడు. "పండుగనాడు మూతి ముడుసుకుంటే యేడంత అట్లనే ఉంటది" అని మాత్రం అన్నాడు.

తర్వాత మోకాళ్ళు మొరాయించి కాక ఊరు చేరాడు. పని అయిపోయి క్యాంప్ ఖాళీ అయింది. తలా ఒక దిక్కు పడ్డాం. భాయ్ అబూ హమూర్‌లో కూరగాయల వ్యాను నడుపుతున్నాడు. నేను ముఐథర్‌లో ఏసీల పనిలో కుదిరాను. దసరా వచ్చిందంటే కాక ఫోన్ చేసేవాడు. "ఎవలన్న కాస్తున్నరా?" అని అడిగేవాడు.

"ఎవలున్నరు కాకా కాయనీకి?"

"నువ్వున్నవ్ గదరా తోటకూరా."

"నాకు కుదుర్తదో లేదో ఎట్ల తెల్వాలె?"

"భాయ్ ఉన్నడు గద. తాగి జెప్తడు."

పోయిన దసరాకు కాచే పద్ధతంతా ఫోన్లో మళ్ళీ ఒప్పజెప్పించుకున్నాడు. వచ్చే దసరాకు తప్పక చేస్తానని మాటిచ్చాను. ఈ దసరాకు ఫోన్ రాలేదు. మాట మాత్రం మిగిలింది. ఒక్కసారైనా ఆ రుచి కుదిరిందని భాయ్ నోట వినాలి. నాకు కావలసింది అంతే.

గురువారం గంజు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం జుమా నమాజు కాగానే వస్తానన్నాడు భాయ్. శుక్రవారం గదిలో వాళ్ళంతా బయటికి పోయారు. మూడు గ్లాసులు కడిగి పెట్టాను. మూడోది ఎందుకని మీరు అడగరు. నమాజు అయ్యాక భాయ్ ఫోన్ చేశాడు. "అరే, సేఠ్ అర్జెంటని అంత దూరం అల్ ఖోర్ పంపిండు. సాయంత్రానికి వస్త." గంజును చల్లబెడదామంటే మా గది ఫ్రిజ్ పాడై చాలా కాలమైంది. ఊరి ఏసీలన్నీ బాగుచేసేవాడి ఫ్రిజ్ అంతే కదా.

కూర్చున్నాను. గంజు నుంచి చిటచిట చప్పుడు వినిపించసాగింది. నురగ పెరిగి బట్ట తడిసింది. పొద్దు వాలేసరికి గది నిండా తాటివనం వాసన. మా ఊళ్ళో పండుగ పూట వచ్చే వాసన అది. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. ఒక్క గ్లాసు తాగితే ఏమవుతుందని నాకూ అనిపించింది. ఖతర్‌కు వచ్చాక ఇంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. చివరికి గంజు ఎత్తి బాత్‌రూం మోరీలో పోశాను. పోస్తూ ఏడ్చాను. కాక పోయిన రోజు రాని ఏడుపు అది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక భాయ్ వచ్చాడు, చేతిలో ఖర్జూరాల డబ్బాతో. కిటికీ దగ్గర బోర్లించిన గంజును చూసి సంగతి గ్రహించాడు. "పారబోసినవా?"

"టైం దాటింది భాయ్."

భాయ్ చేతిలో డబ్బా కింద పెట్టాడు. గంజు పక్కన ఆరేసి ఉన్న మసాలా మూటను చూశాడు. ముందురోజు కషాయం దించగానే తీసిన మూట అది. ముడి విప్పి, ఒక లవంగం, చిన్న శొంఠి ముక్క తీసి నోట్లో వేసుకుని నమిలాడు. కాసేపు గోడ వైపు చూశాడు. నేను కడిగిన గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

"సొంటి తక్కువేసినవ్" అన్నాడు.

ఆ మాటకు జవాబు చెప్పవలసింది నేను కాదు. భాయ్ కూడా నా వైపు చూడలేదు. గోడ వైపే చూస్తూ నములుతున్నాడు. ఇద్దరం కాక జవాబు కోసం ఆగాం.