కేకులోని ఎండుద్రాక్ష

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, విరమణకు దగ్గరపడిన రోజుల్లో, నన్ను శంషాబాద్ వైపు ఒక ఏరియా పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. ఊళ్లలో వైద్యం చూసేది వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్లు. వాళ్లకు కొరుకుడుపడని కేసులు మా దగ్గరికి వస్తాయి. సర్వీసంతా గేదెలు, గొర్రెల మధ్య గడిపినదాన్ని. విమానాశ్రయం చుట్టూ ఇళ్లు పెరిగాక ఇక్కడి ఓపీకి వచ్చేవాటిలో ఎక్కువ కుక్కలూ పిల్లులే.

ఆ డిసెంబరులో, క్రిస్మస్ దగ్గరికొచ్చిందనగా, గగన్‌పహాడ్ నుంచి యాకోబు అనే పెద్దాయన, ఆయన కూతురు సునీత ఆటోలో రాణిని తీసుకొచ్చారు. తెల్లటి చిన్న కుక్క. బల్లమీద పడుకోబెట్టాక కూడా ఆయన దాని మీది నుంచి చెయ్యి తియ్యలేదు. సునీత విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. తల్లి పోయాక, ఆమె డ్యూటీకి వెళ్తే ఇంట్లో మిగిలేది తండ్రీ, ఈ కుక్కా.

"మొన్నటి సంది వాంతులు మేడం. ఇప్పుడు మూత్రం గూడ పోస్తలేదు," అంది సునీత.

మూత్రం ఆగిందంటే ముందు మూత్రపిండాలను అనుమానిస్తాం. ఎలుకల మందు, బండి రేడియేటర్లో పోసే కూలెంట్ లాంటివేమైనా నోట పెట్టిందా అని అడిగాను. లేదన్నారు. కొత్తగా ఏం తిన్నదని అడిగాను.

"కొత్తగ ఏం లేదు మేడం," అన్నాడు యాకోబు. "పండుగని మా చర్చి సంఘపోళ్లు కేకులు పంపుతున్నరు. నాకు పండ్లు లేవాయె, కిస్మిస్‌లు నమలరావు. ఏరి దీనికి పెడుతున్న. ఎంత ఇష్టంగ తింటదో."

ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. తిన్న వెంటనే తెస్తే వాంతి చేయించి బయటికి రప్పించవచ్చు. ఆలస్యమైతే నరానికి సెలైన్ ఎక్కించి, మూత్రం వస్తుందేమోనని చూడటమే. రక్తం తీసి పరీక్షకు పంపాను. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ చాలా ఎక్కువగా ఉందని వచ్చింది.

సునీత నన్ను వరండాలోకి పిలిచి అడిగితే, ఎండుద్రాక్షే కారణమని చెప్పాను. "బాపుకు చెప్పకుండ్రి మేడం. అమ్మ పోయినంక రాణి ముంగట కూసుంటేనే అన్నం తింటుండు. తన చేతులతోని పెట్టిందే దాని పాణం మీదికి తెచ్చిందని తెలిస్తే ఆగమైతడు." నేను లోపలికెళ్లి రాణికి సెలైన్ పెట్టాను.

రోజూ పొద్దున్నే తెచ్చి సెలైన్ పెట్టించుకుని వెళ్లేవారు. ఆయన పక్కన స్టూలు వేసుకుని దానితో ఏదో మాట్లాడుతూనే ఉండేవాడు. మొదట్లో ఆ గొంతు వింటే తోక కదిలేది. తర్వాత కదలలేదు. మూత్రం రానేలేదు. క్రిస్మస్ రాకముందే, సెలైన్ ఎక్కుతుండగానే రాణి చనిపోయింది.

నేను స్టెతస్కోప్ తీశాక ఆయన అడిగాడు: "కిస్మిస్‌లతోనేనా మేడం?"

నేను సునీత వైపు చూశాను.

"బిడ్డ దిక్కు చూడకుండ్రి. నేను కిస్మిస్‌లు అన్నంక మీరు ఇగ ఏం అడగలే. గప్పుడే అనుకున్న."

అవునన్నాను. తెలియక జరిగిందనీ, ఇది చాలామందికి తెలియదనీ చెప్పాను. ఆయన రాణి మీది దుప్పటి అంచు సరిచేసి దాని ముఖం కప్పాడు. "మా గల్లీల ఇంక కుక్కలున్నయి," అన్నాడు. "కేకులు అందరి ఇండ్లకు పోతున్నయి."

మిగతాది సునీత తర్వాత వచ్చినప్పుడు చెప్పింది. రాణిని పాతిపెట్టి, ఆ మట్టి చేతులతోనే ఆయన గల్లీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. క్రిస్మస్ ఆరాధనలో, తమకు జరిగింది అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి, "నా కుక్కను నేనే సంపుకున్న. మీరు గట్ల చెయ్యకుండ్రి," అని కూర్చున్నాడట. ఇంకో కుక్కపిల్లను తెస్తానంటే వద్దన్నాడనీ, అన్నం సగంలోనే లేస్తున్నాడనీ చెప్పింది.

విరమించేదాకా, టీకా కోసం కుక్కనో పిల్లినో తెచ్చిన ప్రతివాళ్లకూ ఎండుద్రాక్ష గురించి, చాక్లెట్ గురించి, క్రిస్మస్ చెట్టుకు చుట్టే మెరుపు తోరణాలను పిల్లులు మింగడం గురించి చెప్పి పంపాను. ఇలాంటివి జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెప్పాలి. ఇక, చావుకు కారణం అడిగిన మనిషికి దాన్ని దాచే హక్కు వైద్యులకు లేదు. అవునని నేను అనకపోతే, ఆయన ఇంకా అనుమానంతోనే ఉండేవాడు. ఆ గల్లీలో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.