దయమ్మక్క తాగని నీళ్ళు

మా ఎదురింటి పెద్దాయనకు పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించే అలవాటుంది. ఆ పనేదో వాళ్ళ పెరట్లో చేసుకోవచ్చు కదా. సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా నిలబడి, తల వెనక్కి వాల్చి, వీధంతా వినపడేలా గరగరలాడిస్తాడు. ఆ చప్పుడు చెవిన పడగానే నా చేతిలో పని ఆగిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగినా కనపడవు. ఎవరినో చప్పున పక్కకు తిప్పాలని, నోట్లో చేరిన నీళ్ళు కారిపోనివ్వాలని చేతులు వాటంతటవే లేస్తాయి. పుక్కిలింతకు కంగారుపడే మనిషి ఖమ్మం మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఏడేళ్ళ మా అమ్మాయి కూడా నవ్వుతుంది.

ఆ కంగారు నాకు నేర్పింది దయమ్మక్క. అసలు పేరు దయామణి. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలబెట్టే ఉద్యోగం మాది. ఈఎంటీ అంటారు. నేను కొత్తగా చేరినప్పుడు పని నేర్చుకొమ్మని టేకులపల్లి బండి మీద ఆమె చేతికింద వేశారు. పొట్టి మనిషి, బొట్టు లేని నుదురు, గట్టి గొంతు. డ్యూటీ లేని ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగతా రోజుల్లో కోపం ముక్కు మీదే ఉండేది. "సైరన్ ఖరాబైనా ఫికర్ లేదు, అక్క ఉన్నది గద" అనేవాడు మా డ్రైవరు పాషా భాయ్. అది విని ఆమె అతన్ని కూడా తిట్టేది.

చేరిన కొత్తలోనే, అడవి అంచున ఒక మక్కచేనులో మనిషి పడిపోయాడని ఫోను వచ్చింది. బండి ఆగీ ఆగకముందే కిట్టు భుజాన వేసుకుని దూకాను. చేనుగట్టు ఎక్కబోతుంటే వెనకనుంచి ఎవరో చొక్కా కాలరు పట్టి లాగారు.

"ఏడికి?" అంది దయమ్మక్క.

"పేషెంటు కదలట్లేదక్కా."

"ఎందుకు పడ్డడో తెల్సా నీకు? తెల్వకుండ ఉరుకుతవా? నువ్వు గూడ పక్కన పడితే ఇద్దర్ని నేనొక్కదాన్నే మొయ్యాల్నా?"

అప్పుడు చూపించింది. మక్కల మధ్య, మోకాలి ఎత్తున, కట్టెలకు చుట్టి ఒక సన్నని ఇనుపతీగ పోతోంది. అడవిపందుల కోసం రైతులు అలా కరెంటు పెడతారట. మాది ముదిగొండ పక్క ఊరు. మా పొలాల్లో పందుల బెడద లేదు, నాకేం తెలుసు? ఊళ్ళోవాళ్ళు పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు తీసి వచ్చేదాకా ఆమె అడుగు ముందుకు వేయలేదు, నన్ను వేయనివ్వలేదు. పడిపోయిన మనిషి తమ్ముడు మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఫీజు తీశారనగానే మాత్రం ఆమె నాకంటే ముందు ఉరికింది. ఆ మనిషి బతికాడు. నా కాలరు గుండీ తెగిపోయింది. దాన్ని ఆ సాయంత్రం ఆమే కుట్టి ఇచ్చింది, తిడుతూనే.

కేసులు లేని మధ్యాహ్నాలు బండిని టేకుచెట్ల కింద ఆపేవాళ్ళం. దయమ్మక్క స్ట్రెచర్ మీద పడుకుని తనే పేషెంటు అయ్యేది. "గొంతే అన్ని చెప్తది పిల్లా, ఇను" అనేది. గురక పెట్టిందంటే నాలుక వెనక్కి పడి దారి మూసిందని నేను చెప్పాలి. ఈల వేసినట్టు ఊపిరి తీస్తే లోపల వాచి సన్నబడిందని. గరగరలాడిస్తే నీళ్ళో, నెత్తురో, కక్కినదో చేరిందని, క్షణం ఆలస్యం చేయకుండా మనిషిని పక్కకు తిప్పి లోపలిది లాగెయ్యాలని. "ముందుగాల పేరడుగు. చక్కగ పేరు చెప్పిండంటే దారి ఉన్నట్టే. చెప్పలేదనుకో, నీ చెవి వాని నోటికాడ పెట్టు. పై నుంచి పడ్డోడైతే మెడ వంచకు, దవడ లేపు" అంటూ నా వేళ్ళు పట్టుకుని తన దవడ మూలల్లో ఆనించుకునేది. ఒకసారి ఆమెకు నిజంగానే నిద్రపట్టి గురక మొదలైంది. పాఠం అనుకుని నేను దవడ ఎత్తాను. ఉలిక్కిపడి లేచి నా చేతి మీద ఒక్కటేసింది. పాషా భాయ్ స్టీరింగు మీద పడి నవ్వాడు. ఆ దవడ ఎముక గుండ్రం ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది.

ఆమెకు ఒళ్ళు మండే సంగతి ఒకటుండేది. ఎవరు పడిపోయినా మనవాళ్ళు చేసే మొదటి పని నోట్లో నీళ్ళు పోయడం. పాపం, ప్రేమతోనే పోస్తారు. కానీ స్పృహ లేని మనిషి మింగలేడు. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. "నీళ్ళు ఆపుండ్రి!" అని బండి దిగకముందే అరిచేది. వినకపోతే గ్లాసు గుంజుకునేది. ఆ గుంజుకోవడంలో మర్యాద ఉండేది కాదు. ప్రాణం పోతుంటే మర్యాదేంది అనేది. నేనూ అదే సరైనదనుకున్నాను.

సమ్మయ్య కేసు ఎండాకాలంలో వచ్చింది. అడవి లోపలి గూడెం. కల్లు కోసం తాటిచెట్టు ఎక్కి జారిపడ్డ పిల్లవాడు, ఇంకా పెళ్ళి కాలేదు. తల్లి ముత్తమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని చెంబుతో నోట్లో నీళ్ళు పోస్తోంది. ఆ గరగర మాకు బండి దగ్గరికే వినిపించింది. దయమ్మక్క అలవాటు ప్రకారం ముందు చెట్టు పైకి చూసింది, కల్లుకుండ గాని కత్తి గాని వేలాడుతోందేమోనని. తర్వాత ఒక్క ఉరుకున పోయి చెంబు లాక్కుని విసిరేసింది. అది రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయింది. అందరం కలిసి మెడ కదలకుండా పిల్లవాణ్ణి పక్కకు ఒత్తిగిలించాం.

దారి పొడవునా ముత్తమ్మ బతిమాలుతూనే ఉంది. "పడంగనే దూప అన్నడమ్మా. దూపైతుందమ్మా అన్నడు. ఒక్క సుక్క పోయనియ్యి."

"పోస్తే సస్తడు! ఊకో!" అని కసిరింది దయమ్మక్క. ఒక చేత్తో దవడ ఎత్తిపట్టి, ఇంకో చేత్తో గొంతులోని నెత్తురు గొట్టంతో లాగుతోంది. నేను గాలిసంచి నొక్కుతూ ఊపిరి ఇస్తున్నాను. చేయవలసిందేదీ మేము వదిలిపెట్టలేదు. ఆసుపత్రి గేటు కనపడకముందే సమ్మయ్య పోయాడు.

ఆసుపత్రి వరండాలో ముత్తమ్మ మా ముందుకు వచ్చి నిలబడింది. కేకలు వేయలేదు, తిట్టలేదు. "దూపతోని పంపినవ్ గదమ్మా నా కొడుకును" అంది. దాహంతో పోయే మనిషి గొంతు తడపాలన్నది ఆ తల్లి లెక్క. తడిపితే పోతాడన్నది మా లెక్క. తలకు తగిలిన దెబ్బకు నీళ్ళు పోసినా పోయకపోయినా ఆ పిల్లవాడు దక్కేవాడు కాదని డాక్టరు మాతో అన్నాడు, ఓదార్పుగానే. దయమ్మక్క మీద అది ఓదార్పుగా పనిచేయలేదు.

రెండు రోజులకే సెలవు పెట్టి ఒక్కతే ఆ గూడెం వెళ్ళి వచ్చింది. వెళ్ళినట్టు కూడా చాలా రోజులకు గానీ నాకు చెప్పలేదు. టేకుచెట్ల కిందే చెప్పింది, నా వైపు చూడకుండా.

"పోయి అరుగు మీద కూసున్న. ఆమె ఏం మాట్లాడలే. లోపలికి పోయి చెంబుతోని నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. గదే చెంబు పిల్లా, నేను ఇసిరేసింది. సొట్ట గూడ అట్లనే ఉన్నది. నా గొంతు దిగుతదా? దండం పెట్టి లేచొచ్చిన."

"పోనీలే అక్కా, ఆమెకు అర్థమై ఉంటుంది" అన్నాను.

"ఏం అర్థమైతది? టౌనోళ్ళు గూడెపోళ్ళ ఇండ్లల్ల నీళ్ళు ముట్టరని తెల్వదా ఆమెకు? ఈమె గూడ గసొంటిదే అనుకుంటది." రాలిన టేకాకు ఒకటి చేతిలోకి తీసుకుని, "మా అమ్మ ఇచ్చిన నీళ్ళు మా వాడకట్టు అవతలోళ్ళు ఎవరూ తాగకపోయేది. చెంబు పట్టుకొని నిలబడేది మా అమ్మ. నేను చూసిన. గసొంటి నేను నీళ్ళు ఇడిసిపెట్టి వచ్చిన" అంది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె గ్లాసు గుంజుకోవడం నేను చూడలేదు. నీళ్ళు పట్టుకున్న తల్లినో భార్యనో పక్కన కూర్చోబెట్టుకునేది. మనిషిని ఒత్తిగిలించి, గొంతు శుభ్రం చేసి, కట్లు కట్టే గాజుగుడ్డ ముక్క తడిపి గట్టిగా పిండి వాళ్ళ చేతికిచ్చేది. "గొంతుల పొయ్యొద్దమ్మా. పెదవులకు అద్దు, గిట్ల. దూప తీరుతది" అనేది. పెదవులు తడిస్తే దూప తీరుతుందో లేదో నాకు తెలియదు. అద్దేవాళ్ళు మాత్రం నీళ్ళ కోసం బతిమాలడం ఆపేవారు. ఆ పద్ధతి ఏ శిక్షణలోనూ చెప్పగా నేను వినలేదు.

"ఓ పొద్దు పోయి ఆ నీళ్ళు తాగి రావాలె పిల్లా" అని అప్పుడప్పుడు అనేది. పోదామక్కా అనేదాన్ని. ఆ రోడ్డున పోయినప్పుడల్లా బండిలో ఎవరో ఒకరు ఉండేవారు. సెలవు దొరికితే చర్చి, చుట్టాలు, ఒంట్లో నలత. నన్ను దమ్మపేటకు వేశారు, ఆమెను ఖమ్మం వైపు మార్చారు. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు కూడా చివర్లో ఒకసారి అనేది, పోదాం అని. వాయిదా వేసేంత తొందర పనులు మాకేం ఉన్నాయో ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పోయిన వానాకాలం ఆమె భర్త, ప్రకాశం బావ, ఫోన్ చేశాడు. పక్షవాతం, తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. నేను చేరేసరికి ఐసీయూలో నోట్లో గొట్టం వేసి ఉంది. గాజుగుడ్డ తడిపి, పిండి, గుప్పిట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాను. గొట్టం కదలకుండా అంటించిన ప్లాస్టరు పక్కన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. చెయ్యి చాపబోతే డ్యూటీ నర్సు అడ్డొచ్చింది. చిన్నపిల్ల.

"ముట్టుకోవద్దు మేడం, ట్యూబు కదులుద్ది. మేం చూసుకుంటం."

"పెదవులకు అద్దుతానమ్మా, అంతే."

"వద్దు మేడం. ప్లీజ్."

ఆ పిల్ల చెప్పింది తప్పేం కాదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చెప్తాను. దయమ్మక్క లేచి కూర్చోగలిగితే శభాష్ అనేది. కానీ నాకు ఆ పిల్ల చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. ముత్తమ్మ ఆ రోజు మమ్మల్ని ఎంత ఓర్చుకుందో అప్పుడు తెలిసింది. గుప్పిట్లో గుడ్డ వెచ్చబడి, ఆరిపోయింది. మర్నాడు దయమ్మక్క పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక పాషా భాయ్‌ని తీసుకుని ఆ గూడెం వెళ్ళాను. ముత్తమ్మ వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. బాగా ముసలిదైపోయింది. ఫలానా అంబులెన్సు అనగానే తలెత్తింది.

"అవ్. బొట్టు లేని సిస్టరమ్మ. మంచిగున్నదా?"

"పోయిందమ్మా."

ఆమె చేతిలో కంకి ఆగింది. "నీళ్ళు పోసిండ్రా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. "పోయనియ్యలేదమ్మా. పెదవులు గూడ తడపనియ్యలే."

"అయ్యో బిడ్డా" అంది. లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. సొట్ట కనిపించింది. కుండనీళ్ళు, చల్లగా ఉన్నాయి. ఆపకుండా చెంబెడూ తాగాను. తాగి, చెప్పాను, దయమ్మక్క అప్పుడు నీళ్ళు ముట్టక వెళ్ళినందుకు ఎంత బాధపడిందో, మళ్ళీ రావాలని ఎన్నిసార్లు అనుకుందో.

ముత్తమ్మ నా వైపు వింతగా చూసింది. "గందుకు బాధపడ్డదా? ఆమె కండ్లల్ల నీళ్ళు నేను చూడలేదా ఏంది? కొడుకు పోయినకాడికెల్లి నాకు గుక్కెడు నీళ్ళు గొంతు దిగలే బిడ్డా. వాడు దూపతోని పాయె, నేనెట్ల తాగుదు అని. అందరు బతిమాలిండ్రు. ఆమె వచ్చి అరుగు మీద కూసోని ఒక్క మాట గూడ అనకుండ ఏడ్చి పోయింది. పోయినంక ఆ చెంబు నీళ్ళు నేనే తాగిన."

మళ్ళీ కంకి చేతిలోకి తీసుకుంది.

మా ఉద్యోగంలో ఎవరినైనా ఆసుపత్రి దాకానే మోస్తాం. గేటు దగ్గర అప్పగించి, స్ట్రెచర్ తుడుచుకుని వెనక్కి వచ్చేస్తాం. ముత్తమ్మ చెప్పిన మాట ఒక్కటే ఇంకా అప్పగించలేదు. రోజూ పొద్దున ఎదురింటాయన పుక్కిలించడం మొదలుపెట్టగానే, దయమ్మక్కకు ఫోన్ చేసి చెప్పాలనిపిస్తుంది.