పైవాటా ఆవిడ గురించి అడిగినవాళ్ళకి

మా పైవాటాలో అద్దెకుండే ఆవిడకి మార్కులు వేయమని నాకు వాట్సాప్‌లో ఒక ఫారం వచ్చింది. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను, లెక్కలేనన్ని పేపర్లు దిద్దాను. కానీ ఒక మనిషి వంటింటి వాసనకి మార్కులు వేయమని నన్ను ఎవరూ అడగలేదు. అక్షరాలా అదే అడిగారు. వంట వాసన: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. ఇంటికి వచ్చే మగవాళ్ళు: ఎప్పుడూ రారు, అప్పుడప్పుడూ, తరచుగా. శుభ్రతకి ఐదు నక్షత్రాలు ఇచ్చారు, ఎన్ని వెలిగించాలో నా ఇష్టమట. ఆ ఫారం చదువుతుంటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మాది ప్రగతి నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ మా ఆయనా ఉంటాం. పైన ఉన్న రెండు గదులూ వంటిల్లూ ఎనిమిదేళ్ళ క్రితం ఆమెకి అద్దెకిచ్చాం. నాగర్‌కర్నూలు వైపు పల్లె ఆమెది. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. అన్ని అంతస్తుల్లో ఎక్కడ చిన్న మరక కనిపించినా ముందు మాట పడేది ఆమే. భర్త చనిపోయాడు. ఒక్కతే కూతురు. మా ఇంటికి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల, ఇప్పుడు నర్సింగ్ పూర్తిచేసి నల్లగండ్లలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది.

వచ్చిన చిక్కంతా ఆ ఉద్యోగంతోనే. ఒకటో తారీఖున చేరాలి. పొద్దున ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. మా ఇంటి నుంచి ఆ వేళకి నల్లగండ్ల చేరే బస్సు లేదు. దగ్గర్లో ఇల్లు చూసుకుంటేనే రమ్మని ఆసుపత్రివాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. హాస్టల్లో పెడదామంటే, ఆ తల్లీకూతుళ్ళు ఒక్కరోజు కూడా ఒకర్నొకరు విడిచి ఉన్నవాళ్ళు కారు. అందుకని ఆమె సెలవు దొరికినప్పుడల్లా నల్లగండ్లలో టూలెట్ బోర్డుల వెంట తిరిగింది. 'ఆడవాళ్ళిద్దరేనా?' అని అడిగి తలుపు వేసుకున్నవాళ్ళే ఎక్కువ. చివరికి ఒక అపార్ట్‌మెంట్లో చిన్న ఫ్లాటు కుదిరేలా కనిపించింది. దాని ఓనరు తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడు, ఏదో కంపెనీలో మేనేజరు. పాత ఓనరుతో ఒక్కసారి మాట్లాడి ఖాయం చేస్తానన్నాడు. ఆ పాత ఓనరుని నేను.

అతను పంపిన ఆ ఫారం నింపకుండా వదిలేశాను. రెండోరోజు అతనే ఫోన్ చేశాడు.

"నమస్తే మేడమ్. ఫారం చూశారాండి? రెండు నిమిషాల పనే."

"రాయడమెందుకండి, నోటితో చెప్తాను. ఎనిమిదేళ్ళున్నారు. ఒక్కనాడు మాట పడలేదు, మాట అనలేదు. ఇల్లు అద్దంలా ఉంచుతారు."

"అది కాదు మేడమ్. మగదిక్కు ఎవరూ లేరు కదండీ, అదే ఆలోచిస్తున్నాం."

"మగదిక్కు ఏం చేయాలండీ? మీ ఫ్లాటు ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చోవాలా?"

అతను నవ్వాడు. మర్యాదస్తుడు, కాదనను. నవ్వి, గొంతు తగ్గించి అసలు సంగతికొచ్చాడు.

"ఇంటిపేరు చూస్తే ఏమీ అర్థం కావట్లేదు మేడమ్. మనవాళ్ళేనా?"

"మనవాళ్ళంటే?"

"అదేనండీ. మీకు తెలియంది కాదు కదా."

ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. "మీ ఆఫీసులో బాత్రూం కడిగేవాళ్ళ ఇంటిపేరు కూడా కనుక్కునే లోపలికి వెళ్తారా?" అన్నాను. "ఆమెలాంటివాళ్ళు తుడిపించిన గాజు తలుపు తోసుకుని వెళ్ళి, వాళ్ళు తుడిపించిన బల్ల మీద అన్నం తింటారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఏ కులమో కనుక్కుంటారా? ఇంత చదివి మీరు నేర్చుకున్నది ఈ ఫారం తయారుచేయడమా?" ఇంకా చాలా అన్నాను. మీ పిల్లలకి కూడా ఇదే నేర్పుతున్నారా అని కూడా అడిగినట్టు గుర్తు. అవతల అతను 'మేడమ్, మేడమ్' అంటుండగానే ఫోన్ పెట్టేశాను.

దాచుకోవడమెందుకు, నాకు చాలా హాయిగా అనిపించింది. ఒళ్ళు తేలికైపోయింది. పేపరు చదువుకుంటున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి మొత్తం పొల్లు పోకుండా చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఇల్లు ఇస్తానన్నాడా?" అన్నాడు. మీకెప్పుడూ అంతే, న్యాయం అన్యాయం పట్టదు అని ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను.

నేనేమీ గంగలో మునిగి వచ్చినదాన్ని కాదు. ఎనిమిదేళ్ళ క్రితం ఇదే వరండాలో ఆమెను నిలబెట్టి నేనూ అడిగాను. కులం అని నోటితో అడగడం మర్యాద కాదు కదా, దానికి మాలాంటివాళ్ళ పద్ధతులు మాకున్నాయి. ఏ పండగలు బాగా చేసుకుంటారని అడుగుతాం. పెళ్ళిళ్ళు ఎక్కడెక్కడ చేసుకుంటారని అడుగుతాం. నేను అడిగింది, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు అని. ఊళ్ళో ఎవరి ఇల్లు ఏ వైపు ఉందో చెబితే ఇంక అడగాల్సింది ఏమీ ఉండదు. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "బస్టాండ్ పక్కన్నే అమ్మ" అంది. బస్టాండుకి కులమేముంది? నాకు లోపల నవ్వొచ్చింది, తెలివైన మనిషి అనుకున్నాను. ఆ తెలివికే ఇల్లిచ్చాననీ, నేను అందరిలాంటిదాన్ని కాననీ ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

సాయంత్రం ఆమె యూనిఫారంలోనే వచ్చి గేటు దగ్గర ఆగింది. రోజూ అయితే నేరుగా మెట్లెక్కి వెళ్ళిపోతుంది.

"ఇల్లు లేదంటున్రు టీచరమ్మ. ఆడి వాచ్‌మన్ ఫోన్ జేసిండు. మీకేమన్న ఫోనొచ్చిందా?"

వచ్చిందని చెప్పాను. అతను అడిగిందీ, నేను అన్నదీ వరుసగా చెప్పాను. గాజు తలుపు మాట దగ్గర ఆమె కళ్ళు మెరుస్తాయని ఎదురుచూశాను. ఆమె చూపు గేటు గొళ్ళెం మీదే ఉంది.

"మంచిగనే అడిగిన్రు," అంది. "గాయినను తిట్టుడు నాకు రాదా అమ్మ? పొద్దున లేస్తే గసుంటోళ్ళ నడుమనే తిరుగుత. నాకు ఇల్లు గావాలె. నా ఇజ్జత్ నేను జూసుకుంట. మీరు జర నిమ్మళంగ మాట్లాడి ఇల్లు ఇప్పిస్తే సాలుండె."

ఆ మాటతో నా గాలంతా పోయింది. వాళ్ళ కోసం పోట్లాడానని నేను అనుకున్నాను. ఆ పోట్లాటకి ఇల్లు పోగొట్టుకున్నది ఆమె, హాయిగా ఊపిరి పీల్చుకున్నది నేను. పాప ఉద్యోగంలో చేరడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

మర్నాడు అభిమానం చంపుకుని అతనికి నేనే ఫోన్ చేశాను. క్షమించమన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలుసు. అతను ఎప్పటిలాగే మర్యాదగా, "పర్లేదు మేడమ్. కానీ మీరంత కోపంగా మాట్లాడేసరికి వాళ్ళ గురించి ఏదో దాస్తున్నారనిపించిందండి. మా మిసెస్ కూడా అదే అంది. వేరేవాళ్ళకి ఖాయం చేసేశాం" అన్నాడు. చూశారా ఎంత అన్యాయమో! అడగకూడనిది అడిగినవాడు జాగ్రత్తపరుడయ్యాడు, ఇదేంటని అడిగిన నేను ఏదో దాచినదాన్నయ్యాను. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. బల్ల మీద పెట్టి, చెయ్యి దూరంగా తీసుకున్నాను.

ఆదివారం ఆమె మళ్ళీ వెళ్ళి నల్లగండ్ల పాత ఊరిలో ఒక మేడమీది వాటా చూసొచ్చింది. ఆసుపత్రికి పదినిమిషాల నడక. ఓనరు ఒక ముసలావిడ, అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కూడా ఫోన్ చేసి కనుక్కుంటానందట. ఈసారి నన్ను నమ్మే ధైర్యం ఆమెకి లేదు. మా మెట్ల మీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది.

"మగోళ్ళెవరన్న ఉన్నరా అంటే, తమ్ముడున్నడు, నెలకోపారి వచ్చి సూసి పోతడు అనుండ్రి."

"నిజంగా ఉన్నాడా?"

"ఉన్నడు. నెలకోపారయితే రాడు."

"సరే."

"నీసు తింటరా అంటే, ఐతారం ఒక్కదినమే అనుండ్రి."

"మరి బుధవారం?"

"బుధారం నాడు కిందికి వాసనొస్తదా?"

"వస్తుంది."

"రాదనుండ్రి."

పాప పై మెట్టు మీద కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చింది, కానీ కడుపు మండిపోతూనే ఉంది. ఒక తల్లి తన సంపాదనతో తన కూతురితో ఒక గదిలో ఉండటానికి, లేని రాకపోకలు అల్లాలి, ఉన్న కూర దాచాలి. పిల్లలు పక్కవాడి పేపరు చూస్తే గోడకుర్చీ వేయించినదాన్ని, ఆ జవాబులన్నీ బుద్ధిగా రెండుసార్లు అప్పజెప్పాను. "మల్ల గరం గావద్దు టీచరమ్మ" అని చివర్లో ఒట్టు కూడా వేయించుకుంది.

మంగళవారం పదకొండింటికి ముసలావిడ ఫోన్ వచ్చింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని తీశాను.

"నల్లగండ్ల కెళ్ళి మాట్లాడుతున్న బిడ్డా. గా తల్లీబిడ్డలు ఎసుంటోళ్ళు?"

చెప్పాను. తమ్ముడు నెలకోసారి వస్తాడన్నాను. నీసు ఆదివారం మాత్రమేనన్నాను. లొల్లి గిట్ల చేస్తారా అంటే, వాళ్ళ గొంతు నేను విన్నదే తక్కువ అన్నాను. ఏ అబద్ధమూ తడబడలేదు. కోపం వచ్చినప్పుడల్లా మింగాను. ముసలావిడ అన్నీ వింది.

"అన్నీ మంచిగనే జెప్పినవ్. ఒక్కటి జెప్పు. ఎనిమిదేండ్లాయె నీ ఇంట్ల ఉండవట్టి. ఆమె వండింది నువ్వెప్పుడన్న తిన్నవా?"

తెల్లాపూర్ ఆయన ఇంటిపేరు పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఈవిడ నడివీధిలో నిలబెట్టి అడిగినట్టు అడిగింది. ఎంత మాట, ఏమనుకుంటున్నారు మనుషులంటే, అని నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి ఆగాను. ఆగినందువల్ల ఆ ప్రశ్నకి జవాబు వెతకాల్సి వచ్చింది.

ఆమె నాకు చాలా ఇచ్చింది. ఊరికి వెళ్ళినప్పుడల్లా సీతాఫలాలు తెచ్చింది. మక్కజొన్న కంకులు, వేరుశనగకాయలు, కందులు తెచ్చింది. అన్నీ తీసుకున్నాను. అన్నీ పచ్చివే. వండింది ఒకే ఒక్కసారి వచ్చింది, వాళ్ళు దిగిన మొదటి నెలలో. సర్వపిండి చేసి, వేడివేడిగా పళ్ళెంలో పెట్టి పాపతో కిందికి పంపింది. నేను గుమ్మంలోనే నిలబడి, ఇవాళ నాకు ఉపవాసం అమ్మా, తీసుకెళ్ళిపో అన్నాను. మా ఆయనకి షుగరు అని కూడా అన్నాను. ఆరోజు నాకు ఏ ఉపవాసమూ లేదు. ఆ తర్వాత ఈ ఎనిమిదేళ్ళలో పైనుంచి వండిన వస్తువు ఏదీ కిందికి రాలేదు. నా పులిహోర మాత్రం పండగపండగకీ పైకి వెళ్ళింది. గిన్నె కడిగి తిరిగొచ్చేది. ఇదంతా నేను ఎన్నడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు.

"తిన్నాను," అన్నాను ముసలావిడతో. "చాలాసార్లు తిన్నాను."

"గట్లయితే మంచిదే. రమ్మను బిడ్డా," అని ఫోన్ పెట్టేసింది.

ఆరోజు ఆమె సెలవు పెట్టింది. నేను పైకి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఇల్లు ఖాయమైందని చెప్పాను. పాప ఎగిరి గంతేసింది. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ, "ఏమేమడిగింది టీచరమ్మ? గరం కాలేదు గద?" అంది.

కాలేదన్నాను. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పుకుంటూ పోయాను. తమ్ముడు, ఆదివారం, లొల్లి. ఆ ఊపులోనే, "నీ చేతి వంట ఎప్పుడైనా తిన్నారా అని అడిగింది. చాలాసార్లు తిన్నానని చెప్పాను" అనేశాను.

ఆమె చేతిలో చీర సగం మడత మీద ఆగింది.

"ఎప్పుడు తిన్నరమ్మ?" అంది. దెప్పడానికి కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తోంది.

నేను వంగి మంచం మీది దుప్పటి అంచు సర్దాను. మంచానికి అటువైపు కూర్చున్న పాప ఒక తువ్వాలు తీసి దులిపింది.

"టీచరమ్మ తిన్నది తియ్యమ్మ," అంది నావైపు చూడకుండా. "నువ్వే మర్చిపోయినవ్."