పెద్దమ్మ ఇంటికి రానివ్వని తుపాకీ

పోయిన మంగళవారం పొద్దున మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేసి "అమ్మ పోయిందే" అన్నాడు. గౌలిపురలో మా ఉమ్మడి ఇంటికి పెద్ద దిక్కు, మా నాన్న అన్నగారి భార్య, నన్ను పెంచిన పెద్దమ్మ ఇక లేదు. తెల్లవారుజామున పాలు పితికించి, పాలకొచ్చిన వాళ్లతో రెండు మాటలాడి, అలసటగా ఉందని మంచం మీద ఒరిగిందట. మళ్లీ లేవలేదు. కిషన్‌బాగ్ నుంచి ఆటోలో వెళ్తుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నలుగురితో వాదించకుండా ఏ పనీ చేయని మనిషి, ఈ ఒక్క పని మాత్రం ఎవరికీ చెప్పకుండా చేసింది.

మా గల్లీలో ఆమెను బందూకమ్మ అనేవాళ్లు. ఎగతాళికే లెండి. వరసగా రెండు బర్రెలు దొంగల పాలయ్యాక పెద్దనాన్న పట్టుబట్టి లైసెన్సు తెచ్చుకుని డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. ముందు గదిలో గోడకు రెండు పెద్ద మేకులు కొట్టి దాన్ని వేలాడదీశాడు. ఇంటికి వచ్చినవాళ్లు నీళ్లు తాగకపోయినా పర్వాలేదు గాని, తుపాకీ చూడకుండా వెళ్తే ఆయన ఊరుకునేవాడు కాదు. దసరా నాడు ఆయుధపూజకు పెద్దమ్మ గడ్డి కోసే మిషన్‌కు, పాల క్యాన్లకు, కొడవలికి వరసగా బొట్లు పెట్టి, చివర్న మిగిలిన పసుపు దానికి రాసేది. "గివన్ని తిండి పెడ్తయి. గదేం పెడ్తది?" అనేది. పెద్దనాన్న వినిపించుకునేవాడు కాదు.

"ఇంట్ల బందూక్ ఉన్నదని తెలిస్తే దొంగ గల్లీలకే రాడు" అన్నది పెద్దనాన్న సిద్ధాంతం. నిజం చెప్పాలంటే అది పూర్తిగా వట్టిమాట కాదు. ఒకసారి బర్రెల తలుగులు విప్పుతున్నవాళ్లు గేటు దగ్గర తుపాకీతో నిలబడ్డ ఆయన్ని చూసి గోడ దూకి పారిపోయారు. ఇంకోసారి మాత్రం తుపాకీ గోడ మీద, తూటాలు బీరువాలో, బీరువా తాళం చెవి ఎవరికీ గుర్తులేని చోట. అన్నీ దొరికేసరికి బర్రె ఎక్కడుందో! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది మా పని.

అసలు సంగతి ఆ తర్వాతి చలికాలంలో జరిగింది. ఇంకా తెల్లవారలేదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న బర్రె కొట్టంలో గట్టిగా అరిచి, ఉన్నట్టుండి ఊరుకుంది. పెద్దనాన్న కిటికీలోంచి చూస్తే దాని పక్కన ఎవరో మనిషి వంగి ఉన్నాడు. ఈసారి తాళం చెవి చేతికందే చోటే ఉంది. పాపం, పాఠం నేర్చుకున్నాడు కదా! తూటాలు వేసి గురిపెట్టాడు. పెద్దమ్మ పరుగున వచ్చి గొట్టాన్ని అరచేత్తో పైకి తోసేసింది.

"ఏందయ్యా నువ్వు! బర్రె బెదిరిందా? కొత్తోడైతే గిప్పటిదాంక తన్నకపోవునా?"

అక్కడున్నది గడ్డి చాచా. మాకు పచ్చిగడ్డి వేసే ఆయన్ని పిల్లలమంతా అలాగే పిలిచేవాళ్లం. మోపులు దించడానికి పెందలాడే వచ్చి, బర్రె అరుపు విని, ఎప్పటిలాగే వెనక దర్వాజాలోంచి లోపలికి వచ్చి దూడ కాళ్లు పట్టుకుని ఉన్నాడు. "భాభీ, గరం పానీ తేండ్రి, జల్ది!" అంటూ తల తిప్పాడు. అప్పుడు చూశాడు తుపాకీని.

దూడ బతికింది. ఆ కథ మా ఇంట్లో పెద్ద జోకు అయింది. వచ్చినవాళ్లందరికీ పెద్దనాన్న పడీపడీ నవ్వుతూ చెప్పేవాడు. చాచా కూడా నవ్వేవాడు. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే. "చేతిల బందూక్ ఉంటే చీకట్ల కనవడ్డోడల్లా దొంగనే" అని లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు ఉన్న తుపాకులను ఠాణాలో అప్పజెప్పాలి. ఓట్ల హడావిడి అయ్యాక తెచ్చుకోవాలి. పాత దుప్పటిలో తుపాకీ చుట్టి ఆయన చేతికిచ్చేటప్పుడు పెద్దమ్మ ముఖం చూడాలి! ఓటు ఎవరికి వేసేదో చివరిదాకా చెప్పలేదు గాని, ఎన్నికలంటే మాత్రం ఆమెకు పండగే.

అలాంటి ఎన్నికల రోజుల్లోనే పెద్దనాన్న గుండెపోటుతో పోయాడు. తుపాకీ ఠాణాలోనే ఉండిపోయింది. పత్తర్‌గట్టిలో ఫోన్ కవర్ల దుకాణం నడిపే మా అన్న, దాన్ని తన పేరు మీదికి మార్పించుకుంటానన్నాడు. దానికి వాళ్లమ్మ ఒప్పుకుని సంతకం పెట్టాలి. అప్పుడే మా గల్లీలో ఒకామె మెడలో గొలుసు తెంచుకుపోయారు, పక్కింటి తాళం పగలగొట్టారు. వాడి భయం వాడిది.

"మంచోళ్ల తాన లేకుంటే బందూకులే లేకుండ పోతయా? దొంగలు లైసెన్స్ తీస్కొని వస్తరా? చట్టం మన చేతులే కడ్తది" అన్నాడు.

కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేదాన్ని, నేనెందుకు ఊరుకుంటాను? అమెరికాను చూడమన్నాను. తుపాకులు ఎక్కువైనచోట కోపానికి, చావుకు మధ్య దూరం తగ్గిపోతుందన్నాను. వాడు ఇంకో దేశం పేరు ఎత్తాడు. వాకిట్లో లొల్లి ముదిరింది. పాల చెంబు బోర్లించి పెద్దమ్మ మా మధ్యకు వచ్చింది.

"మీ అమెరికా సంగతి నాకెర్కలే. నా కొట్టం సంగతి ఎర్కే. గా బందూక్ ఒకపారి దొంగలను ఉరికిచ్చింది. ఒకపారి మనోన్నే సంపబోయింది. చెప్తే రెండూ చెప్పుండ్రి." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "సంతకం పెడ్త బిడ్డా. పోయి గడ్డి భాయిని అడిగి రా. ఆయన సరే అంటే నాకు ఫికర్ లేదు."

"చాచాను అడుగుడేందమ్మా!"

"దాని ముంగట నిలవడ్డది ఆయననే గద."

అన్నా నేనూ కలిసే వెళ్లాం. చాచా దుకాణం ముందు గడ్డి మోపుల మీద నీళ్లు చల్లుతున్నాడు. అంతా విన్నాడు. "తీస్కో బేటా. నీ ఇల్లు, నీ బర్రెలు. వద్దనెతందుకు నేనెవన్ని?" అన్నాడు. అన్న నా వైపు చూసి మీసం దువ్వినంత పని చేశాడు.

"ఒక్కటే బాత్," అన్నాడు చాచా, చల్లడం ఆపకుండానే. "బందూక్ ఇంటికొచ్చిన దినం నాకు జర చెప్పు. ఇగ వెనక దర్వాజలకెల్లి రాను. ముంగట గేటు కాడ నిలవడి ఫోన్ చేస్త. నువ్వు రమ్మంటే లోపలికొస్త."

చాచా గొంతులో కోపం లేదు.

"మీ నాయన నవ్వుతుండె, నేను గూడ నవ్వుతుంటి. ఏం జేస్త మరి? గానీ ఆ దినం కెల్లి మీ కొట్టంలకు దగ్గుకుంట వస్తున్న బేటా. మీరు ఇనలేదా?"

విన్నాం. ఏళ్ల తరబడి విన్నాం. గడ్డి దుమ్ముకు వచ్చిన దగ్గు అనుకున్నాం. ఒకసారి పెద్దమ్మ ఆయనకు మిరియాల కషాయం కూడా కాచి ఇచ్చింది.

ఇంటికొచ్చి అన్న సంతకం మాటే ఎత్తలేదు. దగ్గు సంగతి మాత్రం చెప్పాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ సాయంత్రమే సుత్తి తెప్పించి, స్టూల్ ఎక్కి, గోడకున్న రెండు మేకులూ తనే పీకింది. చాచాను పిలిచి గోడ చూపించింది. "ఇగ దగ్గకు భాయ్" అంది.

దాంతో మా గల్లీలో దొంగతనాలు మాయమయ్యాయని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఏడే మా దాణా బస్తాలు పోయాయి. కొత్తవాళ్లు కనబడితే తన్నే బర్రెను ఒకదాన్ని పెద్దమ్మ తెచ్చి వెనక దర్వాజా పక్కన కట్టింది. గల్లీవాళ్లను వెంటబెట్టుకుని తిరిగి, పోరి, వెలగని వీధి లైట్లన్నీ వేయించింది. "దొంగ రాకుండ చూడాలె. మనోడు బెదరకుండ గూడ చూడాలె" అనేది. తుపాకుల మీద నా క్లాసులో పిల్లలు రెండు పక్షాలై వాదించుకుంటారు. రెండు వైపులా వింటాను. నా మాట అడిగితే మాత్రం తడుముకోను, పెద్దమ్మ మాటే చెబుతాను.

మంగళవారం ముందు గదిలో, సున్నం వేసినా పూడని ఆ రెండు చిల్లుల కింద, ఆమెను పడుకోబెట్టారు. గేటు దగ్గర గల్లీ గల్లీ అంతా నిలబడి ఉంది. నేను కొట్టం వైపు అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాను. వెనక దర్వాజా తెరుచుకుంది. చాచా దగ్గలేదు, పిలవలేదు. నెత్తి మీది మోపు దించి, తలుగులు సరిచూసి, ఒక్కో బర్రె ముందు గడ్డి వేసుకుంటూ వచ్చాడు. తన్నే బర్రె ఒకసారి తల తిప్పి ఆయన్ని చూసి, మళ్లీ మేతలో పడింది.