ప్యో మాస్టారి దారాల వల

ప్యో మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా రాయిని చూపించి "గ్రానైట్" అన్నారంటే చాలు, "లెక్కపెట్టావా?" అని మీదికొస్తారు. ఇక్సాన్ పట్నం పక్కనున్న ఆ రాళ్ళ ఊళ్ళో గోడలూ రాయే, గడపలూ రాయే. బడిలో సైన్సు చెప్పి రిటైరైనా ఆయనకి తీరికెక్కడిది?

జేబులో ఎప్పుడూ ఒక దారాల వల. దాన్ని రాయి మీద పరిచి, ప్రతి ముడి కింద ఏ గింజ పడిందో చూస్తారు. గాజులా మెరిస్తే పలుగురాయి. గులాబీది ఒక రకం ఫెల్డ్‌స్పార్, తెల్లది ఇంకో రకం. నల్ల అభ్రకాన్ని లెక్కలోకే రానివ్వరు. ఐదొందల ముడులు పూర్తయితేనే రాయికి పేరు. ఒకసారి పెళ్ళిభోజనానికి పోయి, అరుగు మీద బోర్లా పడుకున్నారు. "పులుసు చల్లారిపోతోంది మాస్టారూ" అంటే, "మూడొందల పన్నెండు" అన్నారు.

అలాంటి మనిషి చేతిలో పడింది పాపం బున్నమ్. ఆమె మొగుడు, మాస్టారు అన్నా అని పిలుచుకున్న దోక్‌బే, ముప్పైయేళ్ళు మోక్‌గోల్ గనిలో రాయి కొట్టాడు. సమాధి ముందు తన గని రాయే నిలబెట్టాలని మాట తీసుకుని మరీ పోయాడు. ఆ గని చూస్తే నీళ్ళు నిండి ఎప్పుడో మూతపడింది. మూడేళ్ళుగా సమాధి బోడిగానే ఉంది. అందరూ సమాధులు బాగుచేసుకునే హన్‌షిక్ పండక్కి ఈసారైనా రాయి నిలబెట్టాలని ఆమె పట్టుదల. రాయి గుర్తుపట్టడానికి మాస్టార్ని తోడు రమ్మంది.

మొదటి రాళ్ళ కొట్టువాడు "ఇది మోక్‌గోల్ పాత సరుకే" అన్నాడు. మాస్టారు వల పరిచి, గంట తర్వాత లేచారు.

"కాదు వదినా. ఇది గ్రానైట్."

"గ్రానైటే కదండీ కావాల్సింది!"

"మోక్‌గోల్ రాయి గ్రానైట్ ఎప్పుడైంది? అందులో గులాబీకి రెండింతలు పైన ఉంటుంది తెలుపు. దాని పేరు గ్రానోడయొరైట్. ఈ చుట్టుపక్కల ఆ ఒక్క గనిలోనే దొరికేది. మా అన్న కొట్టింది అదీ!"

ఆ మాట అంటున్నప్పుడు, గని తవ్వింది తానే అన్నంత గర్వం ఆయన మొహంలో.

తొమ్మిది కొట్లు తిరిగారు. తొమ్మిదింటా గ్రానైటే. పండగ ఇంకా మూడు రోజులుందనగా బున్నమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"తగలబెట్టండి ఆ వలని! పైనుంచి ఆయనొచ్చి గింజలు లెక్కపెడతాడా ఏమిటి?"

"పెడతాడు. ఈ వల అల్లిచ్చింది ఎవరనుకున్నారు వదినా?"

ఆమె విసవిసా ఇంటికెళ్ళిపోయింది.

పండగ పొద్దున ఉత్త చేతుల్తో కొండెక్కిన బున్నమ్ అలాగే నిలబడిపోయింది. సమాధి ముందు రాయి ఉంది! దాని మీద మొగుడి పేరు, కాస్త వంకరగా, అచ్చం నల్లబల్ల మీద మాస్టారు రాసే రాతలో. పరుగున ఆయనింటికి వెళ్ళింది. గుమ్మం ముందు మెట్టు ఉండాల్సిన చోట గుంట ఉంది. మాస్టారు కిమ్చీ పచ్చడి తొట్టి బోర్లించి, దాని మీద కాలుపెట్టి తూలుతూ దిగుతున్నారు.

"మెట్టేదండీ?"

"ఇల్లు కట్టుకున్నప్పుడు అన్న మోక్‌గోల్ నుంచి మోసుకొచ్చి వేశాడు. ఏ కొట్లోనైనా దొరికితే నా మెట్టు నాకు మిగులుతుందని ఆశపడ్డాను."

"మరి అది..."

"మూడుసార్లు లెక్కపెట్టాను."

మధ్యాహ్నం ఆయన్ని వెంటబెట్టుకుని, మక్కొల్లి బియ్యపు కల్లు సీసా పట్టుకుని బున్నమ్ మళ్ళీ కొండెక్కింది. పక్క సమాధి దగ్గర గడ్డి కోస్తున్నామె తలెత్తి చూసింది.

"రాయి ఎంత బాగుందక్కా! ఏ ఊరి గ్రానైట్?"

మాస్టారు నోరు తెరిచేలోపే బున్నమ్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"లెక్కపెట్టావా?"