దారి అడిగే అనంతయ్య శెట్టి

హోసూరు చుట్టుపక్కల అనంతయ్య శెట్టికి తెలియని దారి లేదు. ఆయన అడగకుండా పోయిన దారి కూడా లేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో, తన పాత్రల అంగడి ముందే నిలబడి, పోయేవాణ్ణి ఆపి “అప్పా, బస్టాండుకు ఎట్ల పోవాల?” అని అడిగేవాడు. బస్సుల హారన్లు అక్కడికి వినిపిస్తూనే ఉండేవి.

అడగడంతో ఆగితే ఇంట్లోవాళ్ళు సర్దుకునేవారే. చెప్పినవాడు ఎటు చెయ్యి చూపిస్తే అటే సైకిలు తిప్పేవాడు. ఒకసారి తమిళనాడు సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చి తనే దిక్కు తెలియక నిలబడ్డ లారీ డ్రైవరును పట్టుకుని హోసూరు ఎటని అడిగాడు. పాపం, ఆ మనిషి మొహమాటానికి బెంగళూరు వైపు చూపించాడు. అనంతయ్య దండం పెట్టి, తాపీగా కర్ణాటకలోకి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే భార్య రాజలక్ష్మి నిలదీసింది. “చెప్పినాయన చూస్తా ఉండాడు గదా. ఆయన ముందరే ఇంకో పక్క తిరుక్కుంటే ఏం బాగుంటుంది?” అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన మర్యాద అయినట్టు.

రాజలక్ష్మికి ఇవేవీ కొత్త కావు. పెళ్ళిచూపులకు ఆయన పోవలసింది బాగలూరులో వేరే ఇంటికట. వీధి మొదట్లో ఎవరో చెయ్యి చూపిస్తే నేరుగా వీళ్ళింటికొచ్చి కూర్చుని, కాఫీ తాగి, పిల్ల నచ్చిందన్నాడట. ఆ చెయ్యి చూపించినవాడు దొరికితే నాలుగు మాటలు అడగాలని ఆమె ఇప్పటికీ అంటూ ఉంటుంది.

కోడలు అర్పితకు మాత్రం ఇవన్నీ కొత్త. ఆమెది కృష్ణగిరి. కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఏ ఊళ్ళో వదిలినా దిక్కులు తప్పని పిల్ల. మామగారు వీధి చివర నిలబడి, తమ ఇంటికి పాలుపోసే మనిషినే తమ వీధికి దారి అడగడం మొదటిసారి చూసినప్పుడు, చేతిలోని బిందె జారవిడిచింది.

వ్యాపారం మందగించినప్పుడల్లా అనంతయ్య ఒక గుడ్డసంచి సైకిలుకు కట్టుకుని, ఒంటరిగా పల్లెల మీద పడేవాడు. శూలగిరి వైపు పోయి, కృష్ణగిరి చుట్టి, రాయకోట మీదుగా తిరిగొచ్చేవాడు. కారులో పూట పట్టని ప్రయాణం ఆయనకు వారం పట్టేది. ఈసారి తిరుగు ప్రయాణపు చివరి రోజున, కొడుకు మహేంద్రకు రాయకోట నుంచి నంజప్ప అనే స్నేహితుడు ఫోను చేశాడు.

“మహేంద్రా, మీ నాయన ఈడ కూడలిలో నిలబడి హోసూరుకు దారి అడుగుతా ఉండాడు. ఈ పక్క నాకు కొత్తప్పా అంటాడు. పోయినసారి వచ్చినప్పుడూ అదే మాట అన్నాడంట. నవ్వే సంగతి కాదు. ఒకసారి డాక్టరుకు చూపించు.”

ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్నది చాదస్తం కాదేమో, మతిమరుపేమోనన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. మహేంద్ర ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలి కదలలేడు. వెంటనే అర్పితకు ఫోను చేశాడు. స్కూటరు మీద ఎదురెళ్ళి, నాయనకు కనపడకుండా వెంట నడిచి, ఆయనకు దారి నిజంగా తెలుసో లేదో కనిపెట్టమన్నాడు. తెలియదని తేలితే ఈ రాత్రికే సైకిలు చక్రాలు ఊడదీసి అటక మీద పడేస్తానని, ఇక ఒంటరిగా గడప దాటనివ్వనని చెప్పాడు. పక్కనుంచి ఆ మాట విన్న రాజలక్ష్మి చేతిలో గరిటె పట్టుకుని అలాగే గోడకు ఆనుకుంది.

కెలమంగలం పొలిమేర దాటాక మామగారు కనపడ్డారు. తలకు తువ్వాలు చుట్టి, పంచె ఎగ్గట్టి, ఎవరూ తరమని మనిషిలా తొక్కుతున్నారు. అర్పిత ముఖానికి చున్నీ కట్టుకుని చాలా వెనకగా నడిపింది. బంతితోట దగ్గర ఆయన దిగి హోసూరుకు దారి అడిగారు. పూలు కోసే ఆడవాళ్ళంతా బుట్టలు దించి గట్టు మీదికి వచ్చారు. తలా ఒక దారి చెప్పి, ఆఖరికి వాళ్ళలో వాళ్ళకే తగువొచ్చింది. తగువు తీరి నవ్వులు మొదలయ్యేదాకా ఆయన కదల్లేదు. మరికాస్త దూరంలో, ‘హోసూరు’ అని బాణం గుర్తుతో సహా రాసి ఉన్న పలక కిందే నిలబడి, పాలక్యానుతో వచ్చే జయరామప్ప అనే రైతును ఆపి మళ్ళీ అదే అడిగారు. జయరామప్ప పలకను చూసి, ఆయన్ను చూసి, చదువు రాదేమోనని జాలిపడి దగ్గరుండి మలుపు దాకా తీసుకెళ్ళాడు.

దినపత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి, అర్పిత కంటి ముందే పలక చదవలేదు.

అక్కడికి కొద్ది దూరంలో, రోడ్డు రెండుగా చీలే చోట ఒక పెంకుటిల్లు. కుడి దారి హోసూరుకు, ఎడమది డెంకణికోట వైపుకు. అరుగు మీద ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన ఎటో చూస్తూ కూర్చున్నాడు. అనంతయ్య సైకిలు స్టాండు వేసి దగ్గరికెళ్ళి దారి అడిగారు. ముసలాయన మెల్లగా లేచి చొక్కా సర్దుకుని, చెయ్యెత్తి ఎడమ పక్కకు చూపించాడు.

“ఇట్నే పో. ముందర ఎత్తు వస్తాది, రెండో గేరు వెయ్యి. మలుపులో హారన్ కొట్టు. ఆడ పిలకాయలు అడ్డం వస్తారు.”

“అట్నే అన్నా,” అన్నారు అనంతయ్య, గేర్లు లేని సైకిలు పక్కన నిలబడి. దండం పెట్టి ఎడమ దారి పట్టారు. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ, మలుపు దగ్గర గట్టిగా గంట కూడా కొట్టారు.

అర్పిత నిర్ఘాంతపోయింది. ఇక కనిపెట్టవలసింది ఏమీ మిగల్లేదు. ఆమె స్కూటరు తీసుకుని అరుగు దగ్గరికెళ్ళి, తాతా, హోసూరు ఆ పక్క గదా అనబోయింది. మాట పూర్తి కాకముందే లోపలి నుంచి ఒకావిడ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగేసింది. ఆమె పేరు మంజులమ్మ, ఆ ముసలాయన భార్య.

“తప్పని చెప్పొద్దమ్మా, నీకు పుణ్యముంటాది,” అంది గొంతు తగ్గించి. ఆయన పేరు చౌడప్ప అని, బతుకంతా బస్సు నడిపినాడని, తలలో జబ్బొచ్చి అన్నీ మరిచిపోయినాడని చెప్పింది. “నన్నే ఎవురమ్మా నువ్వు అంటాడు. ఆ సైకిలాయన వచ్చి దారి అడిగితే మాత్రం లేచి నిలబడి డ్రైవర్ అయిపోతాడు. ఆ పొద్దు అన్నం అడిగి తింటాడు. ఒకోసారి సరిగ్గా చెప్తాడు, ఒకోసారి తప్పుతాడు. యాడ చెప్పినా ఆయన ఆ పక్కే పోతాడు. ఈయన చూస్తా నిలబడతాడు గదా, అందుకు.”

ఆ తప్పుదారిలో పోయినాయన గతేమిటని అర్పిత అడిగింది. మంజులమ్మకు నవ్వొచ్చింది. మలుపు దాటాక గుట్ట వెనక నుంచి బండిబాట ఉందని, ఆయన చాటుగా దాంట్లో తిరిగొచ్చి హోసూరు రోడ్డెక్కుతాడని, ఈ సంగతి అడిగి తెలుసుకోవడానికి తనకే రెండేళ్ళు పట్టిందని చెప్పింది. “ఆయనకు తెలియని దారి యాడుందమ్మా?”

చౌడప్ప ఇంకా మలుపు వైపే చూస్తున్నాడు. అర్పిత చున్నీ విప్పి, ఆయన చూపించిన ఎడమ దారిలోనే స్కూటరు పోనిచ్చింది. మలుపులో హారన్ కొట్టింది.

గుట్ట వెనక మామగారు సైకిలు పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. కోడల్ని చూసి ఆశ్చర్యపోయినా, ఎందుకొచ్చావని అడగలేదు. ఆయన చూపంతా ముందున్న దాని మీదే ఉంది. పోయినసారి బండిబాట ఉన్నచోట ఇప్పుడు గులాబీలు పెంచే గ్రీన్‌హౌస్ ఒకటి, ఏనుగంత ఎత్తు ప్లాస్టిక్ పైకప్పుతో, ముళ్ళకంచెతో సహా లేచి ఉంది.

వెనక్కి పోదామంటే చౌడప్ప చూస్తాడు. ముందుకు దారి లేదు. అనంతయ్య శెట్టి పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి నిజంగా దారి తప్పారు. పక్కనే టమాటా తోటలో కలైవాణి అనే ఆమె నీళ్ళు మళ్ళిస్తోంది. ఆమెను అడుగుదాం మామా అంది అర్పిత.

ఆయన మొహం ఎర్రబడింది. “వద్దమ్మా. తెలీకుండా అడిగేది సిగ్గు గదా.”

అర్పితకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక స్కూటరు హ్యాండిలు మీద తల వాల్చింది. మరి తెలిసినప్పుడు ఎందుకడుగుతారని అడిగింది.

“బాగుండారా అంటే బాగుండామంటారు, అంతటితో మాట అయిపోతాది,” అన్నారాయన కాలితో మట్టి గీస్తూ. “దారి అడిగితే లేచి వస్తారమ్మా.”

చివరికి కలైవాణిని అర్పితే తమిళంలో అడిగింది. ఆయన అటు తిరిగి కంచె ఎంత గట్టిగా కట్టారో పరీక్షిస్తున్నట్టు నటించారు. అప్పుడే తడిపిన తోట గట్టు తప్ప వేరే దారి లేదు. సైకిలు ఒకరు, స్కూటరు ఒకరు తోసుకుంటూ పోయారు. గట్టు మధ్యలో ఇద్దరూ కలిసి, బండ్లతో సహా కాలువలో దిగబడ్డారు.

మత్తిగిరి దాటి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వాకిట్లో మహేంద్ర స్పానరుతో సిద్ధంగా ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురదలో ఉన్న ఇద్దర్నీ చూసి, తన భయం నిజమైందని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. రాజలక్ష్మి దేవుడి గదిలోంచి సగం మంత్రంతో వచ్చేసింది.

“నాయన దారి తప్పినాడు గదా?” అన్నాడు మహేంద్ర.

అనంతయ్య నోరు తెరిచారు. చౌడప్ప ఊసు ఎత్తకుండా చెప్పగలిగింది ఏమీ లేక మళ్ళీ మూసుకున్నారు.

“మామ కాదు, నేను,” అంది అర్పిత. “కెలమంగలం దగ్గర తప్పిపోయి తోటల్లో పడినాను. మామే వచ్చి, దగ్గరుండి పిలుచుకొచ్చినారు. ఆయనకు తెలియని దారి లేదు.”

మహేంద్ర స్పానరు కింద పెట్టి, భార్య వంక నమ్మలేనట్టు చూశాడు.

మరుసటి ఆదివారం అతడు ఆమె స్కూటరుకు ఫోను పెట్టుకునే పట్టీ ఒకటి బిగించి, మ్యాపులో ఎడమ ఏదో కుడి ఏదో ఓపికగా నేర్పడం మొదలుపెట్టాడు. మన ఇల్లు ఇదిగో ఈ చుక్క, మార్కెట్టు అదిగో అక్కడ అన్నాడు. అర్పిత అన్నిటికీ తల ఊపింది. అరుగు మీద పేపరు చదువుతున్న అనంతయ్య పేపరు పైకెత్తి ముఖం దాచుకున్నారు. పేపరు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉంది.