అమ్మ పక్కన సీటు

సెలవులకి ఊరు దాటడమంటే ఆ రోజుల్లో మాకు గోదావరి దాటడమే. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి, అవతల నరసాపురంలో దిగి, ఓ జత చెప్పులు కొనుక్కుని, మళ్ళీ అదే పంటు మీద వెనక్కొచ్చేస్తే విహారయాత్ర పూర్తయినట్టే లెక్క. పంటంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ లారీలనీ ఒకేసారి ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. దాని మీదికి జనాన్ని ఎక్కించడం మా నాన్న ఉద్యోగం. పేషెంట్లూ, పురిటికి వెళ్ళే ఆడపిల్లలూ ముందు. పెళ్ళివారు తర్వాత. మేకల్ని తోలుకొచ్చినవాళ్ళు ఆఖరు. అందరూ ఎక్కి, బరువు రెండు పక్కలా సమంగా సర్దుకున్నాక గొలుసు తగిలించి అప్పుడు తను ఎక్కేవారు. (ఇంట్లో భోజనాల దగ్గరా ఇదే వరస. మా అందరి విస్తళ్ళూ ఓసారి తేరిపార చూసుకుని గానీ పీట మీద కూర్చునేవారు కాదు.)

అందువల్ల, పదిహేడేళ్ళ కాపురంలో అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చుని ఎక్కడికైనా వెళ్ళిన పాపాన పోలేదు. పంటు మీద అమ్మ ఆడవాళ్ళతో ఓ మూల నిలబడేది, నాన్న గొలుసు దగ్గర ఉండేవారు. అంతర్వేది తీర్థానికి ఏటా జెయింట్ వీల్ వేసేవారు. ఆ నాలుగు రోజులూ రేవులో ఇసకేస్తే రాలని జనం, నాన్నకి ఊపిరాడేది కాదు. అమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ చక్రం కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసి వచ్చేసేది. "ఎక్కవే అమ్మా" అంటే, "మీ నాన్నగారు లేకుండా ఏం బావుంటాదే" అనేది.

నేను టెన్త్ పరీక్షలు రాసిన వేసవిలో పంటు మరమ్మతుకి వెళ్ళింది. నాన్నకి సెలవు దొరకాలంటే పంటుకి జబ్బు చేయాల్సిందే మరి. హైదరాబాదులో ఉంటున్న మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఇదే సందని మమ్మల్ని రప్పించి, ఊరి చివర కొత్తగా పెట్టిన పెద్ద పార్కుకి తీసుకెళ్ళాడు. సిటీ బస్సులో అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకింకేం వద్దండి. ఆ జెయింట్ వీల్ మట్టుకు ఒక్కసారి, మీరూ నేనూ ఎక్కుదామండి" అంది. పక్కన నిలబడ్డ నాన్న సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయ్, అలాగే" అన్నారు. వెనక సీట్లో నేను వినేశాను. విన్నానన్న సంగతి ఇక్కడ ఒప్పుకోకపోతే మిగతాది చెప్పే అర్హత నాకు ఉండదు.

గేటు దగ్గర కాపలా ఆయన, అమ్మ తెచ్చిన పులిహోర క్యారేజీని లోపలికి రానివ్వనన్నారు. పారేస్తే కళ్ళు పోతాయని అక్కడే ఎండలో కూర్చుని మేమే తినేసి, ఆ కాపలా ఆయనకీ ఆకులో పెట్టాం. ("కరివేపాకు తీసేయకండి, కంటికి మంచిది" అని అమ్మ ఆయనకి మరీ చెప్పింది.) లోపల అడుగు పెడితే మళ్ళీ తీర్థమే. ఎటు చూసినా జనం. మొదట కనబడింది చెరువూ, దాని మీద చిన్న చిన్న పడవలూ. జనం ఒకరి మీద ఒకరు పడి ఎక్కేస్తుంటే పాపం నాన్న ఎంతసేపని ఓర్చుకుంటారు? "ఆగండాగండి! బరువంతా ఓ పక్కకే అయిపోతందండి! అమ్మా, చంటిపిల్లతో తవరు ముందు రండి. బాబూ, మీరు అటు జరగండి" అంటూ రంగంలోకి దిగిపోయారు. పావుగంటలో అక్కడ వరస ఏర్పడింది. నాన్న తెల్ల చొక్కా చూసి పార్కు మనిషే అనుకుని ఒకాయన మంచినీళ్ళెక్కడని అడిగాడు, ఒకావిడ పిల్లాణ్ణి పట్టుకోమని చేతికిచ్చేసింది. అసలు పడవలాయన ముందు "పెద్దాయనా, ఈడ డ్యూటీ నీదా నాదా?" అని మండిపడ్డాడు గానీ, కాసేపటికి స్టూలు మీద చతికిలబడి విసురుకోవడం మొదలెట్టాడు. "బావగారూ, మనం ఎక్కడానికొచ్చేం, ఎక్కించడానికి కాదు" అని మావయ్య తల బాదుకున్నాడు. నేనైతే ఆ మనిషెవరో నాకు తెలియనట్టు బుడగలవాడి పక్కన నిలబడ్డాను. నేనూ ఓ మహా నాగరికురాలిని మరి!

అలా ప్రతి దగ్గరా అందరినీ ఎక్కించి మేం మిగిలిపోతుంటే పొద్దు వాలింది. నేను ఒక్కటంటే ఒక్కటి ఎక్కలేదు. కోపంతో చెప్పులు టపటపలాడించుకుంటూ వెనకే నడిచాను. జెయింట్ వీల్ దగ్గర గంట నిలబడ్డాక మా వంతు వచ్చింది. మా తిరుగు రైలు టైమైపోతోందని మావయ్య గడియారం చూపిస్తున్నాడు. ఒక్కో తొట్టిలో ఇద్దరికే చోటు. అమ్మ ఎక్కి కూర్చుని, పక్క సీటులో తన చేతిసంచి పెట్టి, "ఏవండీ, రండి" అని పిలిచింది. అంత గట్టిగా ఆయన్ని పదిమందిలో పిలవడం ఎప్పుడూ వినలేదు. నాన్న అప్పటికి ఓ కొత్త జంటని ముందు తొట్టిలో కూర్చోబెట్టి, పంచె సర్దుకుని నవ్వుకుంటూ వచ్చి మెట్టు మీద కాలు పెట్టారు. ఆయన రెండో కాలు పెట్టేలోగా నేను ఆయన మోచేతి కిందనుంచి దూరి, సంచి తీసి అమ్మ ఒళ్ళో పడేసి కూర్చున్నాను.

 నాన్న కాలు కిందికి దించి, అడ్డకడ్డీ తనే వేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసి, పంటు డ్రైవరుకి చూపించినట్టే చెయ్యి ఊపారు. మేం పైకి లేచాం. నేను కేకలే కేకలు. "అమ్మా, ఆ మేడలు చూడవే! ఆ చెరువు చూడవే!" అమ్మ మాత్రం కడ్డీ పట్టుకుని కిందికే చూస్తోంది. "భయమా?" అని వెక్కిరించాను. "లేదే" అంది. "మీ నాన్నగారు ఎంత చిన్నగా కనబడతన్నారో" అంది. దిగగానే మావయ్య మా చేతులు పట్టుకుని బస్సు వైపు పరుగు తీయించాడు. రైల్లో అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని నిద్రపుచ్చింది.  తిట్టినా బావుండేది.

మరుసటి ఏడు వానల్లో పచ్చకామెర్లు ముదిరి అమ్మ పోయింది. అప్పటినుంచీ ఆ పార్కు కథని నేను చుట్టాలందరికీ నవ్విస్తూ చెబుతూనే ఉన్నాను. పులిహోర, పడవలు, పెద్దాయన డ్యూటీ, అన్నీ చెబుతాను. సీటు సంగతి ఎవరికీ చెప్పలేదు. కిందటి వేసవిలో నాన్నకి గోళ్ళు తీస్తూ, ఇరవయ్యేళ్ళ పైచిలుకు మోసిన ఆ మాట ఆయన ముందు దించేశాను. "ఆ సీటు మీది నాన్నా. తెలిసే ఎక్కేశాను" అన్నాను. నాన్న ఆశ్చర్యపోలేదు.

"దానికేం ఉందమ్మా, చిన్నపిల్లవి" అన్నారు. రెండో చెయ్యి నా ముందుకి చాపి, "రైలు దిగేక మీ అమ్మతో అన్నాను. మళ్ళీ వెళ్దాంలే, ఈసారి మనమే ముందెక్కుదాం అని. ఆయ్ అంది" అన్నారు.

ఆయన చెయ్యి వదిలి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నలభై దాటాక కూడా ఒక్కోసారి నా మనసు ఆ చక్రం కిందికి వెళ్ళి నిలబడుతుంది. పైనున్న ఆ పొగరుబోతు పిల్లని చెవి మెలేసి దింపేద్దామనుకుంటాను. కానీ అది అమ్మ భుజానికి ఆనుకుని, రెండు జడలూ ఎగురుతుంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. దానికింకా ఏమీ తెలియదు. ఇంకొక్క చుట్టు తిరగనిమ్మని నేనే ఊరుకుంటాను.